చంక, ఊయల, చక్రాల బండి

తెలుగు సాహిత్యంలో తల్లి ఎక్కువగా కూర్చునే ఉంటుంది. ఊయల పక్కన కూర్చుని ఉంటుంది, లేదంటే బిడ్డను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంటుంది. చేతిలో ఊయల తాడు, గొంతులో పాట, ఆకాశంలో చందమామ. ఆమె బిడ్డను ఎత్తుకుని ఎక్కడికో పోవడం, దారిలో ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకోవడం, నడుము పట్టేసి కాసేపు గోడకు ఆనుకోవడం - ఇవి మన కావ్యాల్లోనూ జోలపాటల్లోనూ వెతుక్కోవాలి. మాతృత్వాన్ని ఇంతగా కీర్తించిన సాహిత్యం బిడ్డ బరువు ఎంతో చెప్పలేదు.

ఈ ఆలోచన నాకు పరిశోధనలో తట్టలేదు. మా మొదటి బిడ్డకు ప్రామ్ కొనాలా వద్దా, కొంటే ఎలాంటిది కొనాలి అన్న చర్చ ఇంట్లో మూడు వారాలు నలిగినప్పుడు తట్టింది. మేముండేది తిరుపతిలో, అలిపిరికి దగ్గర. పాపకు ఐదో నెల. వచ్చే నెల నుంచి నేను మళ్లీ పనిలోకి వెళ్లాలి. బిడ్డను ఎవరు, ఎక్కడికి, ఎలా తీసుకెళ్తారన్నది మా ఇంటికి ఇప్పుడు నిజమైన ప్రశ్న.

సాహిత్య విమర్శలో ప్రామ్‌కి ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. ఇంటి వస్తువులను చదవడం మనకు నేర్పింది స్త్రీవాద కవిత్వమే. విమల ‘వంటిల్లు’ రాసేదాకా వంటిల్లు కవితా వస్తువు కాదు. జయప్రభ పైట గురించి రాసేదాకా అది సిగ్గుకు సంకేతమే తప్ప పితృస్వామ్యానికి సంకేతం కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ తర్వాత ప్రసవం పవిత్రమైన తెర వెనకే ఉండిపోవడం కుదరలేదు. ప్రసవం గది దాటి బయటికొచ్చాక ఏం జరుగుతుందన్నది ఆ వరసలో రావలసిన తర్వాతి ప్రశ్న.

ముందు ప్రామ్ పెట్టెనే ఒక పాఠంగా చదువుదాం. మేం చూసిన ఒక పెట్టె మీద బొమ్మలో పచ్చిక, నున్నటి బాట, అటూ ఇటూ చెట్లు. సన్నటి తెల్లటి స్త్రీ ఒక చేత్తో బండి తోస్తోంది, రెండో చేతిలో కాఫీ కప్పు. ఆమెకు తొందర లేదు. కొంగు లేదు, సంచి లేదు, వెనక అత్తగారు లేదు. బొమ్మ కింద అక్షరాలు మాత్రం వేరే కథ చెబుతున్నాయి. ‘ఒక్క చేత్తో మడవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఒక్క చేత్తోనే ఎందుకు మడవాలి? రెండో చేతిలో బిడ్డ ఉంటుంది కాబట్టి. ఆ క్షణంలో బిడ్డను అందుకునే మనిషి పక్కన ఉండరని బండి తయారుచేసినవాళ్లకు తెలుసు. తల్లి ఒంటరితనం ఇక్కడ ఒక సౌకర్యంగా అమ్ముడవుతోంది.

ఇంకో మాట, ‘రివర్సిబుల్ హ్యాండిల్’. హ్యాండిల్ ఒకవైపు ఉంటే బిడ్డకు అమ్మ మొహం కనిపిస్తుంది, రెండోవైపు తిప్పితే లోకం కనిపిస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకైతే వీపు పూర్తిగా ఆనేలా వెనక్కి వాలే సీటు కావాలి, మెడ ఇంకా గట్టిపడదు గనక. ఐదు చోట్ల బిగించే బెల్టు ఉండాలి. చక్రాలకు బ్రేకు ఉండాలి. ఇవన్నీ చూశాం. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న అంకెను కూడా చూశాం. మాకు నచ్చిన బండి బరువు 9 కిలోలు. మా పాప బరువు ఆరున్నర కిలోలు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అంటే బరువు తగ్గించడానికి కొన్న బండితో కలిపి నేను మెట్ల మీద మోయాల్సింది పదిహేనున్నర కిలోలు.

ఈ బండి చరిత్ర కూడా తల్లి దగ్గర మొదలవలేదు. 1733లో విలియం కెంట్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒక బండి చేశాడు. దాన్ని లాగింది మేక లాంటి చిన్న జంతువు. పందొమ్మిదో శతాబ్దంలో సంపన్నుల ఇళ్లలో ప్రామ్‌ని తోసింది పనిమనిషి. మన దేశంలో దొరల బంగళాల దగ్గర తోసింది ఆయా. అంటే ప్రామ్ ఈ నేల మీదికి తల్లికి సాయంగా కాదు, ఇంకో స్త్రీ కూలిపనిగా వచ్చింది. 1965లో ఓవెన్ మెక్లారెన్ అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండికి రూపమిచ్చాడు. ఆయన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు. ఆ బండి మూడు కిలోలైనా తూగదు. పనిమనిషి లేని తల్లి బస్సెక్కడం, రైలెక్కడం ఆ డిజైన్ గుర్తించింది. యుద్ధవిమానానికి పెట్టిన తెలివి బిడ్డ బరువు దాకా రావడానికి ఒక తాతకు మనవరాలు పుట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. ఈ కొండ కింద నుంచుని తెలుగు జోలపాట గురించి మాట్లాడితే ముందు గుర్తొచ్చే పేరు అన్నమయ్య. తెలుగిళ్లలో ఇవాళ్టికీ పాడుకునే జోలపాటల్లో బాగా ప్రసిద్ధమైనవి ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే తమిళంలో పెరియాళ్వార్ యశోద గొంతుతో కృష్ణుడికి లాలి పాడాడు. ఆ పాశురాలు ఉన్న దివ్యప్రబంధం తిరుమలలో నేటికీ పారాయణ చేస్తారు. తల్లి గొంతుతో పాడే ఈ సంప్రదాయం అందమైనదే, కాదనను. కానీ ఆ కవులు అరువు తెచ్చుకున్నది తల్లి గొంతును మాత్రమే, ఆమె నడుము నొప్పిని కాదు. ఊయల ఉంటే ఆ నొప్పి అక్కర్లేదు కూడా. బరువంతా దూలం మోస్తుంది, తల్లికి పాట మిగులుతుంది.

అన్నమయ్య భార్య తిమ్మక్క కూడా కవయిత్రే. తెలుగులో తొలి కవయిత్రిగా చాలామంది గుర్తించే మనిషి. ఆమె రచనగా మనకు దక్కినది ‘సుభద్రా కల్యాణం’. జోలపాటలు ఆయన పేర, పెళ్లికథ ఆమె పేర! ఆ ఇంట్లో బిడ్డను ఎత్తుకుని తిరిగినవాళ్లెవరో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇదే జిల్లాల మనిషి తరిగొండ వెంగమాంబ. పద్దెనిమిదో శతాబ్దంలో బాలవితంతువుగా శిరోముండనాన్ని తిరస్కరించి, తిరుమల చేరి, కొండ మీదే కావ్యాలూ యక్షగానాలూ రాసుకుంది. ఆమెకు పిల్లల్లేరు. ఇవాళ తిరుమలలో లక్షల మందికి భోజనం పెట్టే అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. పేరుకు ముందు ‘మాతృశ్రీ’ అని చేర్చారు. కవయిత్రి అనో, తిరుగుబాటు చేసిందనో అంటే సరిపోలేదు, గౌరవించడానికి తల్లిని చేయాల్సి వచ్చింది. అడ్రియన్ రిచ్ 1976లో ‘ఆఫ్ వుమన్ బార్న్’లో మాతృత్వం ఒక అనుభవం, మాతృత్వం ఒక వ్యవస్థ - ఈ రెండూ వేరని చెప్పింది. ఆ తేడా వివరించడానికి నాకు దొరికిన ఉదాహరణల్లో వెంగమాంబ పేరుకు ముందున్న ఆ బిరుదు ఒకటి. వ్యవస్థకు తల్లి బిరుదు కావాలి. అనుభవంలో ఉన్న తల్లికి కావలసింది మాత్రం బండి పట్టేంత దారి.

మరి నడిచే తల్లి ఈ కొండ కథల్లో ఎక్కడా లేదా? ఉంది. వేంకటాచల మాహాత్మ్యంలో ఉంది. ఆకాశరాజు కూతురు పద్మావతి మనసులోని మాట రాణి ధరణీదేవికి తెలియజెప్పడానికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేస్తాడు. పాతచీర, తలమీద బుట్ట. బ్రహ్మను పసిబిడ్డగా చేసి గుడ్డతో ఒంటికి కట్టుకుంటాడు. కొండ దిగి నారాయణవనం దాకా నడిచి, సోది చెప్పి, వచ్చిన పని చక్కబెట్టుకుంటాడు. చిన్నప్పుడు హరికథల్లో ఇది నవ్వుకునే ఘట్టం. ఇప్పుడు అదే కథ ఇంకో రకంగా వినిపిస్తోంది. ఈ కొండ దేవుడు బిడ్డను కట్టుకుని ఊళ్లు తిరగాలంటే ముందు ఆడది కావాల్సి వచ్చింది. అది కూడా ఊయల ఉన్న ఇంటి ఆడది కాదు, రోడ్డు మీద బతికే ఎరుకల స్త్రీ.

కథలో ఆమెకు రాణి పక్కన పీట వేశారు. చరిత్రలో ఏమైంది? 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవాళ్లకూ వర్తింపజేశారు. ఆ చట్టం రద్దయ్యేదాకా బుట్టతో, చంకలో బిడ్డతో ఊరూరా తిరిగే స్త్రీ పోలీసుల కళ్లలో ముందే నేరస్థురాలు. కూర్చున్న తల్లి పూజ్యురాలు, నడిచే తల్లి అనుమానితురాలు. మన సాహిత్యం ఊయల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఊయల కట్టాలంటే దూలం కావాలి, దూలానికి ఇల్లు కావాలి, ఊపుతూ కూర్చోడానికి తీరిక కావాలి. ఊయల వర్గమూ కులమూ ఉన్న వస్తువు.

వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణ పాటలను పరిశీలిస్తూ బ్రాహ్మణ స్త్రీల పాటలనూ ఇతర కులాల శ్రామిక స్త్రీల పాటలనూ వేరుచేసి చూపాడు. కౌసల్య వేవిళ్లు, ప్రసవవేదన, పురుడు మొదటిరకం పాటల్లో విస్తారంగా ఉంటాయి. పురుష కావ్యాలు దాటేసిన శరీరాన్ని ఆ పాటలు పట్టుకున్నాయి, నిజమే. అయినా ఆ శరీరం ఉన్నది ఇంటి లోపల. గట్టు మీద చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, నాటు వేస్తూ మధ్యమధ్యలో తలెత్తి చూసే తల్లిని తెలుసుకోవాలంటే ఇంకో గొంతు వినాలి. పైట చర్చలో జూపాక సుభద్ర వేసిన ప్రశ్న అందుకే నాకు ముఖ్యం. కొంగు తమకు సిగ్గు గుడ్డ కాదనీ, పనిముట్టనీ ఆమె చెప్పినప్పుడు వస్త్రం అర్థమే మారిపోయింది. చెమట తుడిచేది, మూట కట్టేది, బిడ్డను కప్పేది అదే గుడ్డ.

ఆ గుడ్డ చిన్న విషయం కాదు. 1970ల్లో ఎలిజబెత్ ఫిషర్, మనుషుల తొలి ఆవిష్కరణ ఆయుధం కాదు, ఏరుకున్న గింజలు వేసుకునే పాత్రో, బిడ్డను కట్టుకునే జోలెలాంటిదో అయి ఉంటుందని ప్రతిపాదించింది. ఉర్సులా లెగ్విన్ 1986లో రాసిన వ్యాసంలో ఆ మాట పట్టుకుని కథ కూడా ఒక సంచే అంది. వీరుడి ఈటె చుట్టూ తిరిగే కథలు కాకుండా, రకరకాల వస్తువుల్ని కలిపి మోసే కథలు కావాలంది. తెలుగులో జోలె, జోల అన్న మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. మన సాహిత్యం జోలను దాచుకుని జోలెను బిచ్చగాడికి వదిలేసింది.

ఆ జోలె ఇప్పుడు అంగట్లోకి తిరిగొచ్చింది. ప్రామ్‌ల పక్క అరలోనే ‘బేబీ క్యారియర్’ పేరుతో వేలాడుతోంది. బిడ్డ తల్లి గుండెకు ఆనుకుని ఉంటే మంచిదని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. మా వీధిలో భవనాల పనికి వచ్చే అమ్మాయి పాతచీర చీల్చి బిడ్డను వీపుకు కట్టుకుంటుంది. ఆమెను చూసి ‘పాపం’ అనేవాళ్లే అదే పద్ధతికి వేల రూపాయలిచ్చి దాన్ని ‘నేచురల్ పేరెంటింగ్’ అంటారు. పేదరికానికి గుర్తయిన గుడ్డ బకిల్ తగిలించుకోగానే జ్ఞానమైపోయింది.

ఇంట్లో చర్చకు వస్తాను. మా అమ్మకు ప్రామ్ అన్న ఆలోచనే నచ్చలేదు. “సంకనేసుకోని పోతే పొయ్యేదానికి బండేందమ్మా? బిడ్డేమన్నా కూరగాయలా తోసుకోని పోను?” అంది. మా అత్త భయం దిష్టి గురించి. “రోడ్డున పొయ్యేటోళ్లంతా బండిలోకి తొంగి సూస్తారు, వొద్దులే పాపా” అంది. ఇద్దరికీ మోకాళ్లు నొప్పులే. నా పుట్టువెంట్రుకలకు అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన కథ అమ్మ మళ్లీ చెప్పింది. మూడున్నర వేలకు పైగా మెట్లు. “మీ నాయన సంచి మోసినాడు, నేను నిన్ను మోసినా. నువ్వు సంచి కన్నా బరువుండావు.” ఇది ఫిర్యాదుగా చెప్పలేదు, గర్వంగా చెప్పింది. ఘాట్ రోడ్డు పడకముందు, అంటే 1944కి ముందు, నడవలేని యాత్రికులను డోలీల్లో మోసేవాళ్లు. ఆ మోతకు కూలి లెక్క ఉండేది. అమ్మ మోతకు పుణ్యం లెక్క. ఆ గర్వాన్ని నేను తీసిపారేయలేను. కానీ ఆ గర్వం నాకు వారసత్వంగా రావాలని కూడా లేదు.

అలిపిరి మెట్ల దగ్గర ప్రామ్‌కు ఎలాగూ పనిలేదు. 2021లో ఆ దారికి కొత్త పైకప్పు వేశారు, ఎండా వానా తగలవు, అయినా మెట్టు మెట్టే. అక్కడ పిల్లలను భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు బోలెడుమంది కనిపిస్తారు. ఆ దృశ్యం నాకు ఇష్టం. అయితే భుజాలెక్కేది మెడ నిలిచిన బిడ్డ, అది పండగలాంటి రోజు. టీకా రోజున, జ్వరం రోజున, రేషన్ రోజున పసిగుడ్డు ఎవరి చంకలో ఉంటుందో ఏ ఆసుపత్రి వరండాలో చూసినా తెలుస్తుంది.

అసలు చిక్కు కొండ మెట్లతో కాదు, ఊళ్లోని సమతలంతో. కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలని, అంచు 150 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలున్నాయి. మా వీధి చివర కాలిబాట ఎక్కాలంటే ప్రామ్‌ని రెండు చేతులతో ఎత్తాలి. ఎక్కాక నాలుగడుగులకు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత మోటారు సైకిళ్లు, ఆ తర్వాత పూలబండి. పూలమ్మే ఆమెను పక్కకు జరగమనే హక్కు నాకుందా? ఆమెది కూడా తోపుడు బండే, కాళ్ల దగ్గర అట్టపెట్టెలో ఆమె బిడ్డ నిద్రపోతోంది. ఉన్న రెండడుగుల జాగా కోసం ఇద్దరు తల్లులు పోటీపడేలా ఈ రోడ్డును గీసినవాళ్లకు ఎప్పుడూ బిడ్డను మోయాల్సిన అవసరం రాలేదు. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు ఇదే మాట ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాళ్ల పోరాట ఫలం. ప్రామ్ తోసే మధ్యతరగతి తల్లికి ర్యాంపు గుర్తొచ్చేది బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకానే, వాళ్లకు జీవితాంతం. వాళ్ల వెనక నడవడమే మనకు సరైన దారి.

దారి ఉందే అనుకుందాం, బండి తోసుకుని ఎక్కడికి పోవాలి? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చింది. యాభైమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. యూజీసీ 2016లో పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చంది. ఇవి చిన్న విజయాలు కావు. అయినా నేను పనిచేసే చోట బిడ్డను పడుకోబెట్టే గది లేదు. సెలవు ఇవ్వడం అంటే తల్లిని ఇంట్లో ఊయల పక్కన కూర్చోబెట్టడం. గది కట్టడం అంటే ఆమె బిడ్డతో సహా బయటికొస్తుందని ఒప్పుకోవడం. మొదటిది సులువు, సాహిత్యానికైనా సంస్థలకైనా.

చివరికి మేం కొన్నది పెట్టె మీది కాఫీ కప్పు బండి కాదు. ఐదున్నర కిలోలది, పూర్తిగా వెనక్కి వాలేది, మడిచి భుజాన తగిలించుకోగలిగేది తీసుకున్నాం. అన్నింటికన్నా ముఖ్యంగా, హ్యాండిల్ ఎత్తు మార్చుకునేది కావాలని పట్టుబట్టాను. నా సహచరుడు నాకన్నా జానెడు పొడుగు. నా ఎత్తుకు చేసిన హ్యాండిల్ ఉంటే నడుము నొప్పి వంకతో బండి మళ్లీ నా దగ్గరికే వస్తుంది. షాపులో అబ్బాయి మాత్రం “మేడమ్ ఎత్తుకు ఇది చాలు సార్” అన్నాడు, ఆయనవైపు చూసి. తోసేది నేను, నిర్ణయించేది ఆయన అని ఆ ఒక్క మాటలో ఉంది.

ప్రామ్ గురించి నాకు పెద్ద భ్రమల్లేవు. అది విముక్తి వాహనం కాదు, డబ్బున్నవాళ్ల వస్తువు. కానీ దానిలో ఒక గుణం ఉంది. చంక, చనుబాలు, ఒడి - వీటన్నింటికీ మన భాషలో లింగం ఉంది. హ్యాండిల్‌కు ఇంకా లేదు. బిడ్డను ఒంటికి కట్టుకోవడానికి శ్రీనివాసుడికి ఆడవేషం కావాల్సి వచ్చింది. నా సహచరుడు సాయంత్రం అలిపిరి రోడ్డు మీద పాపను తోసుకెళ్తే వేషం అక్కర్లేదు. అతణ్ని చూసి అందరూ మెచ్చుకుంటారు, నేను తోస్తే ఎవరూ మెచ్చుకోరు. ఆ తేడా ఇంకా మిగిలే ఉంది. కానీ మోత ఒకరి శరీరానికి పుట్టుకతో అంటిన ధర్మం కాదని, చేతులు మారగల పని అని ఆ హ్యాండిల్ రోజూ చెబుతోంది.

విమర్శకులుగా మన పని ఆ మాటను పాఠాల్లోకి తేవడం. తల్లి గురించిన పాటను, కథను, కవితను చదివినప్పుడు మనం ఇన్నాళ్లూ ఆమె ప్రేమ ఎంత అని అడిగాం, త్యాగం ఎంత అని అడిగాం. ఇకనుంచి ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. బిడ్డ బరువెంత? ఎవరి ఒంటి మీద ఉంది? ఆ దారి ఎవరు వేశారు?